ఊపిరితిత్తుల ప్రెషరు: కూర్చున్నప్పుడు ఒక అంకె, మెట్లెక్కేటప్పుడు ఒక అంకె

(స్వర్ణోత్సవ ఆరోగ్య సదస్సులో 1986 బ్యాచ్ పూర్వ విద్యార్థి, ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ఈ సభలోనే పదిమంది దాకా కనిపిస్తున్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టి పైపుల ఇంజనీరు చేతికి మైకు ఇవ్వడానికి ఒక కారణం ఉంది. మా అక్క ఆయాసం సంగతి తేలడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ ఫైలు పట్టుకుని తిరిగినవాణ్ని నేనే. ఆ సంగతి మా బ్యాచ్ గ్రూపులో తెలిసిన దగ్గర్నుంచి, మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకున్న ప్రతివాడూ ఎకో రిపోర్టు ఫొటో తీసి నాకు పంపుతున్నాడు. చాలావాటిలో అడుగున ఒకటే మాట: "పీఏ ప్రెషర్ బోర్డర్‌లైన్". దాని కింద, "ఒరేయ్, ఇదేమైనా ప్రమాదమా?" అని ఒక ప్రశ్న. విడివిడిగా ఇచ్చిన జవాబులన్నీ ఇవాళ ఒకచోట చెబుతాను. డాక్టర్లు వింటున్నారు కాబట్టి ఎక్కడైనా గీత దాటితే వాళ్లే పట్టుకుంటారు.

పీఏ అంటే పల్మనరీ ఆర్టరీ, గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు చెడురక్తాన్ని తీసుకెళ్లే ధమని. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ ఎడమవైపు సంగతి. కుడివైపు ప్రెషరు వేరు, చాలా తక్కువ. ఎడమ గుండె సగటున 90 మిల్లీమీటర్ల పాదరసం పైచిలుకు ప్రెషరుతో ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. కుడి గుండె అదే రక్తాన్ని, నిమిషానికి అదే ఐదు లీటర్లను, సుమారు 14 మిల్లీమీటర్ల సగటు ప్రెషరుతో ఊపిరితిత్తుల గుండా నెట్టేస్తుంది. మా లెక్కలో చెప్పాలంటే అది 19 సెంటీమీటర్ల నీటి హెడ్. మీ జానెడు చూసుకోండి, అంతే. శక్తి లెక్క కడితే ఎడమ పంపు పని ఒక వాట్, కుడి పంపు పని అందులో ఆరో వంతు కూడా లేదు. ముప్పై ఏళ్లు తాగునీటి పథకాల్లో పనిచేశాను. ఇంత తక్కువ హెడ్‌తో ఇంత డిశ్చార్జిని అన్ని కోట్ల సన్నపైపుల గుండా పంపే డిజైను ఎక్కడా చూడలేదు, చెయ్యలేను కూడా.

తక్కువ హెడ్ పంపు కాబట్టి దాని గోడ పల్చన. కుడి జఠరిక గోడ ఎడమదానిలో మూడో వంతు మందమే ఉంటుంది. రక్తం ఎక్కువ వచ్చినా అది సర్దుకుంటుంది గానీ, ఎదురు ప్రెషరును ఎక్కువకాలం ఓర్చుకోలేదు. పల్మనరీ ప్రెషరు గురించి డాక్టర్లు అంత పట్టించుకునేది అందుకే. దెబ్బ తగిలేది ఈ పల్చటి గోడకి.

ఇప్పుడు బోర్డర్‌లైన్ దగ్గరికి వద్దాం. ఈ గీత ఎక్కడుందో తెలియాలంటే దాన్ని ఎవరు గీశారో చూడాలి.

1929లో జర్మనీలో ఎబెర్స్‌వాల్డె అనే ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే పాతికేళ్ల డాక్టరు తన మోచేతి నరంలోంచి సన్నటి రబ్బరు గొట్టాన్ని తన గుండె దాకా తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫొటో తీయించుకున్నాడు. పైవాళ్లు మెచ్చుకోలేదు సరికదా, ఆ దారి వదిలి ఆయన తర్వాత యూరాలజీలో స్థిరపడ్డాడు. అదే గొట్టాన్ని అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరు 1940లలో కొలతపరికరంగా మార్చారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ ఇచ్చారు. మనిషి బతికుండగా గుండె లోపలి ప్రెషరు కొలవడం అప్పటినుంచి మామూలు పనైంది.

1965లో అమినోరెక్స్ అని ఆకలి తగ్గించే మాత్ర ఒకటి స్విట్జర్లాండు, జర్మనీ, ఆస్ట్రియాల్లో అమ్మకానికి వచ్చింది. సన్నబడదామని వేసుకున్నవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల ధమనులు బిగుసుకుపోయి, ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరారు. 1968లో దాన్ని ఆపేశారు. ఆ అనుభవం తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 1973లో జెనీవాలో నిపుణులను కూర్చోబెట్టింది. విశ్రాంతిలో సగటు ప్రెషరు 25 దాటితే జబ్బు, వ్యాయామంలో 30 దాటితే జబ్బు అని లెక్క పెట్టుకున్నారు.

ఆ రెండో అంకె నిలబడలేదు. 2009లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు అంతకుముందు జరిగిన 47 అధ్యయనాల్లోని 1,187 మంది ఆరోగ్యవంతుల కొలతలు కలిపి చూశారు. విశ్రాంతిలో సగటు 14, ప్రామాణిక విచలనం 3.3. మన లెక్కల మాస్టారు వింటూ ఉంటే సంతోషిస్తారు: సగటుకు రెండు విచలనాలు కలపండి, 20.6 వస్తుంది. మామూలు మనిషి పైహద్దు అదే. వ్యాయామంలో మాత్రం యాభై దాటినవాళ్లకు, కొద్దిపాటి శ్రమకే, సగటు 29 దాకా వెళ్లింది. సగటే 29 అయితే 30 దాటేవాళ్లు ఎంతమందో మీరే ఊహించండి. ఏ జబ్బూ లేని మన వయసువాళ్లలో చాలామందిని రోగులుగా లెక్కగట్టే గీత అది. 2008లో కాలిఫోర్నియాలోని డానా పాయింట్‌లో జరిగిన సమావేశం దాన్ని పక్కన పెట్టింది. 2018లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో కూర్చున్నవాళ్లు విశ్రాంతి హద్దును 25 నుంచి 20కి దించారు. ఇన్నాళ్లూ 21 నుంచి 24 మధ్య ఉన్నవాళ్లనే బోర్డర్‌లైన్ అనేవారు. ఒక్క తీర్మానంతో వాళ్లు గీతకు అవతలివైపు వెళ్లిపోయారు. ఒళ్లు అదే, గీత జరిగింది.

ఊరికే జరపలేదు లెండి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో క్యాథెటర్ పరీక్ష అయిన వేలమంది రికార్డులు తిరగేసి 2016లో ప్రచురించినప్పుడు, 19 దగ్గర్నుంచే ముప్పు మెల్లగా పెరుగుతున్నట్టు కనిపించింది. అయితే వాళ్లు ఏదో ఒక గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో అనుమానంతో పరీక్షకు వచ్చినవాళ్లు. దార్లో పోయేవాళ్లను పిలిచి కొలవలేదు. ఆ తేడా మరిచిపోతే అనవసరంగా భయపడతాం.

ఇక మీరు నాకు పంపే రిపోర్టుల సంగతి. ఇప్పటిదాకా చెప్పిన అంకెలన్నీ గొట్టం లోపలికి పంపి కొలిచినవి. మీ చేతిలో ఉన్నది ఎకో. ఎకో ప్రెషరును కొలవదు. కుడివైపు వాల్వు దగ్గర వెనక్కి చిమ్మే కాస్త రక్తం వేగాన్ని కొలిచి, ఆ వేగాన్ని వర్గం చేసి, నాలుగుతో హెచ్చవేసి, దానికి కుడి కర్ణిక ప్రెషరు ఇంత ఉండొచ్చని ఒక అంచనా కలుపుతుంది. మనం ఇంటర్లో చదివిన బెర్నౌలీ సూత్రమే. వేగం సెకనుకు 2.8 మీటర్లయితే 31 వస్తుంది. 3.1 అయితే 38 వస్తుంది. చెయ్యి కాస్త కదిలినా, కోణం కాస్త మారినా 0.3 తేడా రావడం కష్టం కాదు, వర్గం చేసేసరికి ఆ తేడా ఏడు మిల్లీమీటర్లయి కూర్చుంటుంది. పైగా అది గుండె నొక్కుకున్న క్షణంలోని పై ప్రెషరు, సగటు కాదు. ఎకోలో 36 చూసి, గూగుల్‌లో 20 దాటితే జబ్బని చదివి, రాత్రంతా నిద్రపోని మిత్రుడొకడు ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు. ఆ 36ని ఆ 20తో పోల్చకూడదురా, రెండూ వేరు కొలతలు. నా సొంత రిపోర్టులో కూడా 37 ఉంది. మిగతా గుర్తులు, అంటే కుడి జఠరిక సైజు, దాని కదలిక, అన్నీ బాగున్నాయని డాక్టరుగారు ఏడాది తర్వాత రమ్మన్నారు. అంతే.

అసలు సంగతి ఇంకోటుంది, నేను మైకు తీసుకున్నది దానికోసం. ఎకో అయినా గొట్టమైనా మనం బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు కొలిచేది. ఆయాసం వచ్చేది మెట్ల మీద.

మా శాఖలో ఒక ఫిర్యాదు తరచూ వచ్చేది. చివరి వీధికి నీళ్లు రావట్లేదని. రాత్రి రెండింటికి వెళ్లి ఆ చివరి కుళాయికి గేజి బిగిస్తే ప్రెషరు నిండుగా చూపిస్తుంది. ఊళ్లో ఎవరూ కుళాయి తిప్పలేదు కదా, పైపులో ప్రవాహమే లేదు, రాపిడి నష్టమూ లేదు. పొద్దున్న ఆరింటికి ఊరంతా ఒక్కసారి కుళాయిలు తిప్పినప్పుడు కొలిస్తే తెలుస్తుంది, పైపు లోపల ఎంత తుప్పు పేరుకుందో, ఏ వాల్వు సగమే తెరుచుకుంటోందో. పైపు సంగతి ప్రవాహం పెరిగినప్పుడే బయటపడుతుంది.

ఊపిరితిత్తులు మామూలు పైపుల్లాంటివి కావు, ఇంకా మంచివి. మనం నిలబడి ఉన్నప్పుడు పైభాగంలో ఉన్న సన్నటి రక్తనాళాలు చాలావరకు మూసుకునే ఉంటాయి. మెట్లెక్కడం మొదలుపెట్టగానే రక్తం ఐదు లీటర్ల నుంచి పదికి, పదిహేనుకు పెరుగుతుంది. అప్పుడు మూసుకున్న దారులు తెరుచుకుంటాయి, తెరిచి ఉన్నవి వెడల్పవుతాయి. ప్రవాహం మూడింతలైనా ప్రెషరు మూడింతలు కాదు. ఆరోగ్యవంతుడికి ఒక్కో లీటరు ప్రవాహం పెరిగితే ప్రెషరు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇది రెండు దాకా రావచ్చు. ఈ వాలు మూడు దాటితే అనుమానించాలని 2022లో యూరప్ గుండె, ఊపిరితిత్తుల నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో రాశారు. వ్యాయామంలో ఎంత ప్రెషరు వచ్చిందన్న ఒక్క అంకెను ఎప్పుడో వదిలేసినవాళ్లు, ఎంత ప్రవాహానికి ఎంత ప్రెషరు అన్న వాలును పట్టుకుని వ్యాయామాన్ని మళ్లీ లెక్కలోకి తెచ్చారు. ఇంజనీరుగా నాకు ఇది చదివినప్పుడు ఈల వేయాలనిపించింది. హెడ్‌ను డిశ్చార్జి లేకుండా చెప్పకూడదని మా మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులోనే నేర్పుతారు.

ఇప్పుడు అక్క సంగతి. ఆవిడా ఈ బడిలోనే చదివింది, నాకంటే ఐదేళ్లు ముందు. ఏటా అలిపిరి మెట్ల దారిన కొండెక్కే మనిషి. 3,550 మెట్లు, గోవిందనామాలు చెప్పుకుంటూ నాలుగు గంటల్లో ఎక్కేసేది. ఒక ఏడాది గాలిగోపురం దాకా కూడా వెళ్లలేక మధ్యలోనే కూర్చుండిపోయింది. తర్వాత ఇంట్లో మొదటి అంతస్తు ఎక్కినా ఆగేది. ఒక ఆసుపత్రిలో ఈసీజీ, ఎకో తీశారు. ఎకోలో ప్రెషరు 34, గుండె కొట్టుకోవడం బ్రహ్మాండం. "బరువు తగ్గండమ్మా, మనసులో ఆందోళన పెట్టుకోకండి" అని నిద్రమాత్ర రాశారు. ఇంకోచోట ఊపిరి ఊదే పరీక్ష చేశారు, అదీ బాగానే ఉంది. మూడోచోట కూడా ఆందోళనే అన్నారు. బయటికొచ్చాక అక్క, "ఒరేయ్, ఆందోళనయితే కూర్చున్నప్పుడు కూడా రావాలి గదరా, మెట్ల దగ్గరే ఎందుకొస్తుంది?" అంది. ఈ విషయం మీద నేను చదివినవాటన్నిటిలోకీ సూటి ప్రశ్న అదే.

చివరికి ఒక డాక్టరమ్మ ఆ ప్రశ్నకు విలువ ఇచ్చారు. మెడ దగ్గర నరంలోంచి గొట్టం వేసి, పడుకున్నచోటే కాళ్లతో పెడల్ తొక్కించి కొలిచారు. ఆ గొట్టం కొసన చిన్న బెలూన్ ఉంటుంది. దాన్ని ఒక కొమ్మలో ఉబ్బించి దారి మూస్తే అవతలివైపు, అంటే ఎడమ గుండె వైపు ప్రెషరు తెలుస్తుంది. స్వాన్, గాంజ్ అనే ఇద్దరు 1970లో తెచ్చిన ఉపాయం.

పడుకున్నప్పుడు అక్క సగటు ప్రెషరు 19, అవతలివైపు 12, ప్రవాహం నాలుగున్నర లీటర్లు. ఏ గీత ప్రకారం చూసినా జబ్బు లేదు. పెడల్ తొక్కుతుంటే ప్రవాహం ఎనిమిది లీటర్లకు వచ్చేసరికి సగటు 37కి, అవతలివైపు 28కి వెళ్లాయి. మూడున్నర లీటర్లకు 18 మిల్లీమీటర్లు. లీటరుకు ఐదు పైమాటే.

ఇక్కడ పైపుల భాష పనికొచ్చింది. పంపు దగ్గర ప్రెషరు పెరగడానికి రెండే కారణాలు. మధ్యలో పైపు ఇరుకైనా కావాలి, చివర తొట్టిలో మట్టం పెరిగైనా ఉండాలి. అక్క ధమనికీ అవతలికీ తేడా పడుకున్నప్పుడు ఏడు, తొక్కేటప్పుడు తొమ్మిది. ప్రవాహం దాదాపు రెట్టింపైనా తేడా రెండే పెరిగిందంటే పైపులు శుభ్రంగా తెరుచుకుంటున్నాయన్నమాట. పెరిగింది చివరి తొట్టి మట్టం. ఏళ్ల తరబడి ఉన్న బీపీతో ఎడమ గుండె గోడ బిర్రబిగిసి, నెమ్మదిగా నిండేటప్పుడు బాగానే ఉండి, గుండె వేగం పెరిగి నిండే వ్యవధి తగ్గగానే రక్తం వెనక్కి ఎక్కుతోంది. నొక్కే బలం బాగానే ఉంది, సాగే గుణం తగ్గింది. మామూలు ఎకోలో గుండె కొట్టుకోవడం బ్రహ్మాండంగా కనిపించింది అందుకే. మన వయసు దాటిన ఆడవాళ్లలో, బీపీ, షుగరు, బరువు ఉన్నవాళ్లలో ఇది మామూలుగా కనిపించేదేనని డాక్టరమ్మ చెప్పారు.

వైద్యం పెద్ద హడావిడేం కాదు. బీపీ గట్టిగా అదుపు చేశారు, నీరు పోయే మాత్ర, షుగరు మందుల్లోనే గుండెకూ మేలు చేసే ఒక మాత్ర ఇచ్చారు, ఉప్పు తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు. గురక పెడుతుందని చెబితే నిద్ర పరీక్ష కూడా చేయించారు. నిద్రమాత్ర ఆపేశారు. ఇప్పుడు రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతోంది. కొండకు బస్సులోనే వెళుతోంది.

ఒక మాట మగవాళ్లకు ప్రత్యేకంగా. పల్మనరీ ప్రెషరుకు సిల్డెనాఫిల్ వాడతారని విని, ఆ మాత్ర పేరు మరో సందర్భంలో తెలిసినవాళ్లు చాలామంది కాబట్టి, "మందుల షాపులో తెచ్చి వేసేసుకుంటే పోలా?" అని ఒకరు అడిగారు. నవ్వకండి, సీరియస్‌గానే అడిగారు. అది పైపులే ఇరుకైన జబ్బుకు, నిపుణులు చూసి ఇచ్చే మందు. అక్క లాంటి గుండెకు అది ఇచ్చి చూసిన రిలాక్స్ అనే అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. వ్యాయామ శక్తిలో లాభం కనిపించలేదు. 21 నుంచి 24 మధ్య ఉన్నవాళ్లకు ఈ జాతి మందులు వాడమని ఇప్పటి మార్గదర్శకాలు కూడా చెప్పవు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడుతున్నవాళ్లు దాన్ని కలిపితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అది ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి రిపోర్టు పంపే మిత్రులను నేను అడిగేది అంకె కాదు. పోయిన సంక్రాంతికి ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కావు, ఇప్పుడెన్ని? పక్కన నడిచే నీ ఈడువాడితో మాట్లాడుతూ నడవగలుగుతున్నావా? ఎక్కేటప్పుడు కళ్లు తిరిగాయా? సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా? ఇవి కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా ఆయాసం వస్తుంది. ముందు ఆ చౌక పరీక్షలు చేస్తారు. అవన్నీ బాగుండి, ఎకో కూడా బాగుండి, ఆయాసం మాత్రం పెరుగుతూ ఉంటే, "శ్రమలో ఉన్నప్పుడు కొలిచే పరీక్ష ఏదైనా చేస్తారా?" అని అడగండి. అందరికీ గొట్టం అక్కర్లేదు. ట్రెడ్‌మిల్ మీదో సైకిల్ మీదో ఎకో తీస్తారు, ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూస్తారు. ఆందోళన అన్న మాటతో మాత్రం ఇంటికి రాకండి, ముఖ్యంగా అక్కచెల్లెళ్లు.

ఇక వచ్చే మే నెలలో కేదార్‌నాథ్ వెళదామని 1986, 87 బ్యాచ్‌లు కలిసి వేసుకున్న ప్లాను. కేదార్‌నాథ్ ఎత్తు 3,580 మీటర్ల పైచిలుకు. అక్కడి గాలిలో ఆక్సిజన్ మన ఊళ్లో దొరికేదానిలో మూడింట రెండు వంతులే. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుంటాయని 1946లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చూపించారు. ఒళ్లంతా ఉన్న మిగతా నాళాలు చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్ల పైన ఎక్కుడు అంటే, ఒకవైపు నాళాలు బిగుస్తుంటాయి, మరోవైపు ప్రవాహం పెరుగుతుంటుంది. రెండు బరువులూ ఒకేసారి ఆ పల్చటి కుడి గోడ మీదే పడతాయి. హెలికాప్టరులో వెళితే నడక తప్పుతుంది గానీ, ఎత్తుకు అలవాటుపడే వ్యవధి కూడా పోతుంది.

లిస్టులో ఇప్పటికి నలభై ఒక్క పేర్లున్నాయి. బోర్డర్‌లైన్ రిపోర్టు ఉండి మెట్ల దగ్గర ఏ ఇబ్బందీ లేనివాళ్లు డాక్టరుతో ఒక మాట అనుకుని రావచ్చు, దార్లో రెండు రాత్రులు ఎక్కువ ఆగేలా బస మార్చమని బస్సు చూసే మిత్రుడికి చెప్పాను. రిపోర్టు ఎలా ఉన్నా సరే, మెట్ల దగ్గర ఆగుతున్నవాళ్లు ఏప్రిల్‌లోపు శ్రమ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం తెచ్చాకే డబ్బు కట్టండి. అడ్వాన్సు వాపసు ఇచ్చే ఏర్పాటు ఉంది.